ఎనిమిది వేసిన రోజు

పోలియో నా రెండు కాళ్లనూ చిన్నప్పుడే తీసుకుపోయింది. చేతుల జోలికి మాత్రం రాలేదు. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక మందుల హోల్‌సేల్ ఆఫీసులో టైపు చేస్తూ ఆ చేతులతోనే బతికేదాన్ని. పొద్దున దింపడం, సాయంత్రం తీసుకురావడం తమ్ముడి పని. కాలేజీ రోజుల నుంచీ వాడి బతుకు నా ఆఫీసు వేళల చుట్టూనే తిరిగింది. వాడికి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చినప్పుడు నా అంత సంతోషించినవాళ్లు లేరు. అయితే నేను సొంతంగా బండి నడిపితేనే వాడు వెళ్లగలడు. అందుకే తొంభైల చివర్లో, అమ్మ ఎంత గొణిగినా వినకుండా ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాను.

గేర్లు లేని స్కూటర్‌కు కాళ్లతో పనేముంది? బటన్ నొక్కితే స్టార్టవుతుంది, బ్రేకులు రెండూ చేతికే ఉంటాయి. ముందూ వెనకా ఎర్రటి ఎల్ అక్షరం అంటించి, బెజవాడలో అప్పటికి ఎవరూ పెద్దగా పెట్టుకోని హెల్మెట్ పెట్టుకుని బయల్దేరితే, నెత్తిన జాడీ బోర్లించినట్టుందని అమ్మ నవ్వేది. కాలువ గట్టు రోడ్డు మీద నేర్చుకున్నాను. తమ్ముడు వెనక కూర్చునేవాడు. గేదెలు అడ్డొచ్చినా నా చెయ్యి వణికేది కాదు. నాకంటే నువ్వే అధ్వాన్నంగా నడుపుతావురా అని వాణ్ణే వెక్కిరించేదాన్ని. పుట్టి బుద్ధెరిగాక నేను ఒక మనిషిని దాటి ముందుకు వెళ్లింది ఆ గట్టు మీదే. సైకిలు మీద వెళ్తున్న పాలాయన్ని దాటాను. ఏడుపొచ్చింది.

లైసెన్సు పరీక్ష రోజు ఆర్టీవో ఆఫీసు మైదానంలో సున్నంతో పెద్ద ఎనిమిది గీసి ఉంది. కాలు నేలకు ఆనకుండా దాని మీద తిరగాలి. నా ముందు ఒకరిద్దరు కుర్రాళ్లు కాలు ఆనించి తప్పారు. లోలోపల నవ్వుకున్నాను. కాలు ఆనించకుండా ఉండటంలో నన్ను మించినవాళ్లెవరు?

తమ్ముడు బండిని పట్టుకుని నిలబెట్టి, కదలగానే వదిలేశాడు. ఎనిమిది చక్కగా వేశాను. ఇన్‌స్పెక్టర్ గారు చెయ్యెత్తి ఆపమన్నారు. వేగం తగ్గించగానే బండి పక్కకు ఒరిగింది. భయపడి మళ్లీ పోనిచ్చాను. మళ్లీ ఎనిమిది. మళ్లీ ఆయన చెయ్యి. అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ బండి ఆగిన ప్రతిచోటా నేల మీద ఆనినవి తమ్ముడి కాళ్లు. ఆ సంగతి నాకూ తట్టలేదు, వాడికీ తట్టలేదు. నేను తిరుగుతూనే ఉన్నాను. సరదాకి తిరుగుతున్నాననుకుని జనం చప్పట్లు కొట్టారు. చివరికి తమ్ముడే పరుగెత్తుకొచ్చి బండిని పట్టుకున్నాడు.

"నడపడం బాగానే వచ్చమ్మా మీకు. ఆపడమే కుదరట్లేదు. రేపు సిగ్నల్ దగ్గర ఎవరు పట్టుకుంటారు?" అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు.

వెనక రెండు పక్క చక్రాలు బిగించుకుని, ఆ మార్పు బండి కాగితాల్లో రాయించుకుని మళ్లీ రమ్మన్నారు. అదంతా అయ్యేసరికి తమ్ముడు ఉద్యోగంలో చేరాల్సిన గడువు దాటిపోతుంది. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఉంటే ఆయన్ని తిట్టుకునైనా బతికేదాన్ని.

తిరుగు దారిలో వాడు నడిపాడు, నేను వెనక కూర్చున్నాను. బెంజి సర్కిల్ దాటాక, తల తిప్పకుండానే అన్నాడు.

"విశాఖ ఏం పోతాంలే అక్కా. ఇక్కడే ఏదో ఒకటి చూసుకుంటా."

నువ్వు వెళ్లరా అనే మాట నోటిదాకా వచ్చింది. వెళితే మర్నాడు నన్ను ఆఫీసులో ఎవరు దింపుతారు? వాడి భుజం పట్టుకుని నోరు మూసుకుని కూర్చున్నాను.