బైండరు బావ, అక్క గొంతు
మా బావ పుస్తకాల బైండరు. దేని మీదైనా బరువు పెట్టకపోతే ఆయనకు తోచదు. జిగురు రాసిన అట్టంటే సరే, నలిగిన ఉత్తరమైనా, ఉతికిన చేతిరుమాలైనా ఆ ఇంట్లో నాలుగు లావుపాటి పుస్తకాల కింద పడుకోవాల్సిందే. ఇలాంటి మనిషితో ఇన్నేళ్ళు వేగిన మా అక్కకు దణ్ణం పెట్టాలి.

అక్క చూపులేని పిల్లల లైబ్రరీ కోసం పదకొండేళ్ళు కథలు చదివి రికార్డు చేసింది. నిరుడు గొంతుకు ఆపరేషనయ్యాక మాట పోయింది. లైబ్రరీకి ఇచ్చిన సీడీలు గీతలు పడి ఎప్పుడో పాడయ్యాయి. ఇప్పుడు ఆమె గొంతు మిగిలింది ఒకే ఒక్క హార్డ్‌డిస్క్‌లో. దాన్ని కాపీ చేద్దామని బావ కూర్చుంటే, ఐదు నిమిషాలకోసారి డిస్క్ స్క్రీన్ మీంచి మాయమైపోతోంది. కంప్యూటర్లు బాగుచేసే మరదలిని కదా, నాకు కబురొచ్చింది. నేరం మాత్రం ముందే రుజువైపోయింది: తప్పంతా ఆయన కంప్యూటర్‌ని నడపడానికి నేను ఎక్కించిన లినక్స్ అనే సిస్టమ్‌దేనట.

ఇలా మధ్యలో తెగుతూ పోతే లోపలి ఫైళ్ళు దెబ్బతింటాయి. అందుకే డిస్క్‌లో ఏదీ మారకుండా, చదవడానికి మాత్రమే తెరిచాను. లినక్స్ కరెంటు ఆదా కోసం డిస్క్‌ని నిద్రపుచ్చుతోందేమోనని ఆ ఏర్పాటు ఆపేశాను. కేబుల్ కొసను కంప్యూటర్‌కి ఇంకో వైపున్న పోర్టులో పెట్టాను. అయినా అదే వరస. ఇక ఏ పరికరం ఏ క్షణాన తగిలిందో, ఏ క్షణాన ఊడిందో సిస్టమ్ తనే రాసుకునే లాగ్ తెరిచి, దాని ముందు కూర్చున్నాను. బావ అదే బల్ల మీద పుస్తకాల వీపులు సుత్తితో చదును చేసుకుంటున్నాడు.

ఆయన కాఫీకి లేచి వెళ్ళిన పావుగంటా లాగ్‌లో కొత్త లైను ఒక్కటీ పడలేదు. తిరిగొచ్చి సుత్తి దెబ్బ వేశాడో లేదో, ‘డిస్కనెక్ట్’ అని పడింది.

అప్పుడు లేచి, బల్ల చివర డిస్క్ ఎక్కడుందో చూశాను. నాలుగు లావుపాటి పుస్తకాల కింద! కేబుల్ మెడ విరిగినట్టు వంగిపోయి ఉంది.

“కదలకుండా ఉంటుందని పెట్టానే,” అన్నాడు బావ.

గంటన్నరసేపు స్క్రీన్ తప్ప డిస్క్ ముఖం చూడని నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? అందుకే ఎక్కువ తిట్టలేదు. పుస్తకాలు దింపి, కొత్త కేబుల్ వేసి, డిస్క్‌ని వేరే బల్ల మీద పెట్టాను. సుత్తి దాచేశాను. సాయంత్రానికి కాపీ పూర్తయింది.

సరిగ్గా వచ్చాయో లేదోనని అక్కను పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఫైలు తెరిచాం. రాజుగారు గుర్రమెక్కుతుండగా రికార్డులో అక్క గొంతు కథ ఆపేసింది.

“ఏమండీ, ఆ అట్టలు కాసేపాగి కోసుకోకూడదూ? ఎన్నిసార్లు చెప్పాలి మీకు?”

ఆ తర్వాత మళ్ళీ గుర్రం కదిలింది. అక్క చప్పుడు లేకుండా, భుజాలు ఊగేలా నవ్వింది. నాకు ఏడుపు ఆగలేదు. బావ కథ ముందుకు పోనివ్వలేదు.

“మరదలా, నన్ను తిట్టిన ముక్క మళ్ళీ పెట్టు,” అన్నాడు.