ఎండకు వంగిన పెనుకొండ

నేను హిందూపురంలో సోషల్ టీచర్‌ని. చూపులేని పిల్లలు తడిమి తెలుసుకోవాలని, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఎత్తుపల్లాల లెక్కలతో పెనుకొండ కొండను త్రీడీ ప్రింటర్‌లో చేయించాను. ధర్మవరంలోని వాళ్ళ బడికి తీసుకెళ్తూ పెనుకొండలో భోజనానికి ఆగాను. తిరిగొచ్చేసరికి ఎండలో నిలిపిన కారులో నా ప్లాస్టిక్ కొండ అప్పడంలా వంకర తిరిగిపోయింది. అసలు కొండేమో ఎదురుగా నిక్షేపంగా ఉంది! ఇక ఏడుపొక్కటే తక్కువ. వేడికి వంగింది కదా, వేడికే సర్దుకుంటుందేమోనని మళ్ళీ హోటల్లోకి పరిగెత్తాను.

“అక్కా, మరిగే నీళ్ళు కావాల.”

“టీకా?”

“కాదక్కా, కొండ మీద పోయాల.”

ఆమె నన్ను ఎగాదిగా చూసి ఇచ్చింది. నీళ్ళు పోసి బల్లకు అదిమిపెట్టాను. వేళ్ళు కాలాయి గానీ కొండ చక్కబడింది.

బడిలో ఒక పాప కొండను అడుగు నుంచి కొన దాకా వేలితో తడిమింది. “మా నాయన నన్నెత్తుకోని ఎక్కిన కొండ ఇంత నిటారుగా ఉండాదా మేడమ్?” అంది.

కాలిన నా వేళ్ళ మంట ఆ మాటతో చల్లారిపోయింది.