ఊతం తీసేసిన జంట

రాతిపనివాళ్లందరికీ చేతులుంటే పెద్దమేస్త్రీకి చెవులున్నాయనేవారు. సుత్తితో మెల్లగా తట్టి, తల వాల్చి విని, రాయి మంచిదో కాదో తేల్చేసేవాడు. మంచి రాయి ఖంగుమంటుంది, లోపల పగులుంటే బొంగురుపోతుంది. ముప్పై ఏళ్లలో ఆయన మాట ఒక్కసారీ తప్పలేదు. ఆ గర్వమే కొంప ముంచింది. చెవులు మూసుకుపోతున్న సంగతి ఇంట్లో కూడా పొక్కనివ్వకుండా, రెండేళ్లుగా ఎదుటివాళ్ల పెదవులు చూసి నెట్టుకొస్తున్నాడు.

శిల్పి మట్టిలో చేసిన నమూనాను పాలరాతిలోకి దింపే పని ఆయనది. ఈసారిది విడిపోబోయే ప్రేమికుల జంట. అబ్బాయి మెడ పట్టుకుని, మునివేళ్ల మీద లేచి, తన బరువంతా అతని మీద వేసిన అమ్మాయి. ఆ అమ్మాయి ముఖం కోసం రోజుల తరబడి కదలకుండా కూర్చున్నది మేస్త్రీ కూతురే. పాతకాలపు శిల్పులు ఇలాంటి జంట కాళ్ల వెనక ఓ చెట్టుమొద్దు చెక్కి, బరువు దానిమీద మోపేవారు. మేస్త్రీ ఈ బొమ్మకూ అలాంటిదే ఒకటి ఉంచాడు. శిల్పికి ఆ మొద్దంటే ఒళ్లుమంట.

"ప్రేమించుకునేవాళ్లకు ఊతమెందుకండీ? తీసేద్దాం. రాయి బాగుందని మీరొక్క మాటంటే చాలు," అన్నాడు.

మేస్త్రీ అబ్బాయి చీలమండ మీద తట్టాడు. ఏమీ వినబడలేదు. మళ్లీ తట్టాడు. పనివాళ్లంతా ఆయన నోటివంకే చూస్తున్నారు. ఆ తేడా పోల్చుకోగలవాడు అక్కడ ఇంకొకడు లేడు. నిజం చెబితే పనీ పోతుంది, పరువూ పోతుంది.

"బాగుంది," అనేశాడు. మొద్దును తన చేత్తోనే చెక్కి తీసేశాడు. ఆ రాత్రి నుంచి కంటిమీద కునుకు లేదు.

బొమ్మను ఎత్తైన దిమ్మె మీద నిలబెట్టారు. ఆవిష్కరణ రోజున ఎవరో పెద్దాయన తెగ పొగుడుతుంటే, మేస్త్రీ ఆయన పెదవులు చూస్తూ తలూపుతున్నాడు. ఫోటో కోసమని కూతుర్ని దిమ్మె పక్కన నిలబెట్టారు. ఉన్నట్టుండి పెద్దాయన మాట ఆపేశాడు. హాల్లో తలలన్నీ ఒక్కసారే బొమ్మవైపు తిరిగాయి. ఏదో చప్పుడైంది. తనకు తప్ప అందరికీ వినబడింది. మేస్త్రీ చూపు దిమ్మె పక్కనున్న కూతురి మీద పడింది.

"నాకు చెవులు వినబడవమ్మా. ఆ రాయి సంగతి నాకు తెలీదు. ఇవతలికి వచ్చెయ్," అని గొంతు చించుకుంటూ జనాన్ని తోసుకుపోయాడు.

కూతురు కదల్లేదు. ఏమిటి నాన్నా అన్నట్టు విస్తుపోయి ఆయన్నే చూస్తోంది. ఆమె భుజం మీద తెల్లటి పొడి రాలుతోంది.