పరీక్షకు కావలసిన తల

బ్యూటీషియన్ సర్టిఫికెట్‌కు ఏమేం కావాలో మా చెల్లెలికి నోటికి వచ్చు. పదో తరగతి పాసై ఉండాలి. కోర్సుకు హాజరు తగ్గకూడదు. రాతపరీక్ష గట్టెక్కాక చేతిపని పరీక్ష ఉంటుంది. దానికి జుట్టు కత్తిరించుకోవడానికి ఒప్పుకున్న మనిషిని తనే వెంట తెచ్చుకోవాలి. ఆ మనిషి మా ఇంట్లోనే ఉందనుకున్నాం. మా అమ్మ.

కామాటిపురలో వరస గదుల చాల్‌లో మా గదికి ఒకటే కిటికీ. మధ్యాహ్నాలు దాని కింద పీట వేసి చెల్లెలు అమ్మను కూర్చోబెట్టేది. కత్తిరిస్తూనే చర్మం పొరల పేర్లు మరాఠీలో అప్పజెప్పేది. ఏళ్ల తరబడి సిమెంటు మోసిన అరచేతులు చాపి అమ్మ ఓసారి అడిగింది.

"ఇండ్ల ఆ పొరలేమన్న మిగిలినయానే?"

వరండాలో పోయే ఆడవాళ్లు ఆగి, ఈ వయసులో ఫ్యాషన్ పట్టిందని ఎగతాళి చేసేవారు. అమ్మ పట్టించుకునేది కాదు. నడుము దాకా ఉండే జుట్టు మెల్లగా మెడ దగ్గరికి వచ్చింది.

పరీక్ష దగ్గరపడిందనగా అమ్మ పోయింది. గుండె అన్నారు.

నాన్న ఉన్నాడు కాబట్టి ముత్తయిదువగా సాగనంపాలి. కొప్పు పెట్టి పూలు తురమాలి. మేనత్త ప్రయత్నించింది. కొప్పుకు జుట్టు చాలలేదు, పూలు జారిపోయాయి.

"ఈ తల ఎవలు కోసిండ్రు?" అంది, ఎవరి వైపూ చూడకుండా. ఆమెకు తెలుసు.

చెల్లెలు లేచి కోర్సు పెట్టెలోంచి పిన్నులు తెచ్చింది. ఒక్కో పాయ మడిచి, పూలు కదలకుండా గుచ్చింది. అంతకన్నా మంచి పని అది చేయగా నేను చూడలేదు.

పరీక్ష అమ్మ దినాల్లోనే పడింది. వాయిదా కుదరదు, ఇప్పుడు తప్పితే కోర్సంతా మళ్లీ మొదటినుంచి చదవాలి అన్నారు కోర్సువాళ్లు. మైలలో ఉన్న పిల్ల చేతికి చాల్‌లో ఎవరూ తల ఇవ్వరు. నేను కూర్చుంటానన్నాను. మేనత్త తలుపుకు అడ్డం నిలబడింది.

"దినాలు కాకముందు ఆడిపిల్ల తలకు కత్తెర ముడితే ఇంట్ల ఇంకో పీనుగ లేస్తది."

నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమెను తప్పించుకుని ఇద్దరం బస్సెక్కాం.

పరీక్ష హాల్లో చెల్లెలు నా భుజాల మీద గుడ్డ కప్పింది. జుట్టు తడిపి, పాయలుగా విడదీసి క్లిప్పులు పెట్టింది. పరీక్ష పెట్టడానికి వచ్చినావిడ చూసి తల ఊపింది. మొదటి పాయను వేళ్ల మధ్య పట్టుకుని చెల్లెలు కత్తెర ఎత్తింది. ఎత్తి అలాగే ఉండిపోయింది.

"అక్కా, నీకు గూడ మెడ మీద అమ్మ లెక్కనే సుడి ఉంది."

నేను కొయ్యమన్నాను. అద్దంలో దాని ముఖం చూసి మళ్లీ అనలేకపోయాను. అది కత్తెర పక్కన పెట్టి, క్లిప్పులు తీసి, నా తడి జుట్టు దువ్వి జడ వేసింది. ఆవిడ మార్కుల కాగితంలో గీత కొట్టి పక్క కుర్చీ దగ్గరికి వెళ్లింది.

ఇప్పుడు చెల్లెలు నాగ్‌పాడాలో ఒక పార్లర్‌లో పని చేస్తోంది. ఇతరులు కత్తిరించిన జుట్టు ఊడుస్తుంది, దారంతో కనుబొమ్మలు తీరుస్తుంది. సర్టిఫికెట్ లేనివాళ్ల చేతికి అక్కడ కత్తెర ఇవ్వరు. ఈమధ్య, మళ్లీ కోర్సులో చేరతావా అని అడిగాను.

"చేరి?" అంది. "ఎవల తల తెస్తవక్కా?"

నాది ఉందిగా అనబోయాను. అప్పటికే అది నా వెనక్కి వచ్చి, రోజూలాగే దువ్వి అల్లడానికి జడ విప్పుతోంది.