మామ ఉండనిచ్చిన నీడ

పోయిన నెల ఒక పొద్దున పక్కింటి ఫోన్‌కు కబురొచ్చింది. కోదాడలో మా మేనమామ పోయాడు. సూర్యాపేటలో బస్సెక్కానే గాని, మునగాల దగ్గర ఇళ్ల మీద యాంటెన్నాలు కనిపించేదాకా ఏడుపు రాలేదు. వాటిలో సగం మామ కట్టినవే.

రేడియోలు, టీవీలు బాగుచేసే చిన్న దుకాణం ఆయనది. కోదాడకు అటు హైదరాబాద్ నుంచి, ఇటు విజయవాడ నుంచి బొమ్మ వచ్చేది. ఒకటి పడుతుంటే రెండోది దాని మీద నీడలా పడేది. మిగతావాళ్లు కావలసిన వైపు గురిపెట్టి దిగిపోయేవారు. మామ మాత్రం అక్కర్లేనిది, యాంటెన్నా పట్టుకోలేని పక్క వైపున పడేట్టు తిప్పేవాడు. "కావాల్సింది ఎట్లన్న వస్తది బిడ్డా, వద్దన్నది రాకుండ సూడాలె," అనేవాడు.

తొంభైల మొదట్లో నేను ఎం.టెక్ థీసిస్ రాస్తున్నాను. చేత్తో తిప్పే పని లేకుండా, వరసగా పెట్టిన చిన్న యాంటెన్నాలను లెక్కలతో సర్ది, కోరిన దిక్కు సిగ్నల్‌ను పట్టే పద్ధతులను పోల్చాలి. ఊరికే గురిపెట్టే పద్ధతి మొద్దుదే గాని నమ్మకమైనది. అడ్డొచ్చేవాటిని తుడిచేసే తెలివైన పద్ధతి మాత్రం, దిక్కు కొంచెం తప్పు చెబితే చాలు, మన సిగ్నల్‌నే అడ్డమనుకుని తుడిచేసేది. దానికి మందేమిటో తోచక నెల రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

సెలవుల్లో ఒకరోజు మామ వెంట మునగాల రోడ్డు పక్క హోటల్‌కు వెళ్లాను. ఆయన కప్పు మీద యాంటెన్నా పైపు తిప్పుతూ "వచ్చిందా బిడ్డా?" అని అరుస్తుంటే, కింద టీవీ ముందు నిలబడి నేను బదులు అరుస్తున్నాను. ఆ కేక ఒక్కసారి మళ్లీ వినాలని ఎంతగా ఉందో చెప్పలేను.

"ఇంకా నీడ కొడుతంది గదా," అని హోటల్ సేటు సణిగాడు.

"జర ఉండనియ్యి సేటూ," అన్నాడు మామ పైనుంచి. "మొత్తం తరిమితే, రేపు గాలికి పైపు ఇంత కదిలినా అసలు బొమ్మ గూడ ఖతమైతది."

ఇంటికొచ్చి లెక్కలోనూ అంతే చేశాను. పట్టు కొంచెం వదులు చేసి, కొంచెం నీడ ఉండనిచ్చాను. దిక్కు కాస్త తప్పినా మన సిగ్నల్ చెరగలేదు. తర్వాత చూస్తే ఆ మందు పుస్తకాల్లోనూ ఉంది. నాకు మాత్రం హోటల్ కప్పు మీంచే దొరికింది.

కృతజ్ఞతల పేజీలో ప్రొఫెసర్లందరి పేర్లూ రాశాను. రిపేర్ల మామ పేరు రాస్తే నవ్వుతారేమోనని సిగ్గుపడి మానేశాను. నీ మాటే ఇందులో పనికొచ్చిందని చెప్పి ఒక ప్రతి చేతికిస్తే ఆయన, "నా పేరేడుంది?" అన్నాడు. ఇంగ్లిష్ చదవలేడు కదా అని ఏదో వరస మీద వేలుపెట్టి చూపించాను. మురిసిపోయాడు. ఆ తర్వాత నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లో వెళ్లి, టీ తాగి వచ్చేశాను.

పదకొండో రోజు అత్త ఆ ప్రతి తెచ్చి ఇచ్చింది. "దుకాణంకు వచ్చినోళ్లందరికి సూపెట్టేటోడు. ఎవరో సారు సదివి, 'గిది నీ పేరు గాదు' అన్నడట. 'మా పిల్ల సూపెట్టింది, గదే నా పేరు' అన్నడట మీ మామ."

పేజీ తెరిచాను. టంకం మసి అంటిన వేలిముద్రలు ఒకదాని మీద ఒకటి పడి, నేను చూపించిన వరస నల్లబడిపోయింది. అక్కడున్న ప్రొఫెసర్ పేరు ఇప్పుడు చదవడానికి రాదు.