జవహర్ తాత మూడో గంట

నేరేడుచర్ల పాత చర్చిల గంట కొట్టే జవహర్ తాతకు ఉన్నది ఒక్కటే రోగం. ఏడాది సంది మూడో గంట టైముకు కొడ్తలేడు. మొదటి గంట ఎనిమిదిన్నరకు, రెండోది ఎనిమిది ముప్పావుకు సెకండు తప్పకుండ కొడ్తడు. తొమ్మిదింటికి ఆరాధన షురూ చేసే మూడో గంట కాడికొచ్చేసరికి మాత్రం తాడు పట్టుకొని బొమ్మ లెక్క నిలబడతడు. నిరుడు తొమ్మిదీ పదికి మోగిన గంట, ఈ వానాకాలానికి పదింటికి చేరింది.

నిరుడే కోదాడ నుంచి బదిలీ మీద వచ్చిన పాస్టరు వీరేందర్‌కు ఇదేం ఊరో సమజు కాలె. మూడో గంట మోగనిదే పాస్టరు లోపలికి పోవద్దని తాతల నాటి ఆనవాయితీ. తెల్ల అంగీ తొడుక్కొని గుమ్మం కాడ చెమటలు కక్కుడే ఆయన పనైంది.

"తాతా, టైమైంది. కొట్టవేంటి?"

"కొడ్త అయ్యగారు. ఇంక కాలే."

"నా వాచీలో తొమ్మిదింపావు."

"మీది కోదాడ వాచీ గద."

వీరేందర్ నిజంగనే వాచీ ఇప్పి చెవికాడ పెట్టుకొని చూసిండు.

తాతకు కొత్త వాచీ కొనిచ్చిండు. తాత కండ్లకద్దుకొని జేబుల ఏసుకున్నడు. ఆ ఆదివారం ఇంకో ఐదు నిమిషాలు లేటు. మిర్యాలగూడ తీస్కపోయి కండ్ల డాక్టరుకు చూపిస్తే, చూపు భేషుగ్గ ఉందన్నరు.

అటు చర్చిల ఇంకో వింత. చాపలు చాలక కొత్తయి తెచ్చిన్రు. ఎన్నడు లేంది ఆడోళ్లు ముందల కూసొని పాట ఎత్తుకుంటున్నరు, నోరు విప్పి ప్రార్థన చేస్తున్నరు. అంతా తన ప్రసంగం మహిమే అనుకున్నడు వీరేందర్, పాపం.

కమిటీ పెద్ద ఉప్పలయ్యకు ఓపిక ఖతమైంది. "ఈ ఆదివారం గూడ లేటైతే ముసలాయన చేతుల తాడు తీసుకుంటం. కరెంటు గంట పెడ్తం," అన్నడు. నలభై ఏండ్ల సంది పట్టిన తాడది. అది పోతే తాత మంచం పడతడని ఊరందరికి ఎరుకే.

ఆ ఆదివారం వీరేందర్ పొద్దుగాల్నే వచ్చి తాత పక్కన నిలబడ్డడు. తొమ్మిదైంది. తొమ్మిదిన్నరైంది. "దండం పెడతాను తాతా, కొట్టు," అని బతిమాలిండు. తాత వాచీ దిక్కే చూడలె, రోడ్డు దిక్కు చూస్తున్నడు. పదింటికి రెండు ఆటోలు వచ్చి ఆగినయి. తండా ఆడోళ్లు కిందమీద పడుకుంట దిగిన్రు, మడమలకు ఇంక బురద ఆరలె. వెంటనే తాత గంట కొట్టిండు.

"సూసిన్రా, టైముకే వచ్చినం," అని అందరికంటె ముందు దిగిన పుష్పాబాయి తోటోళ్లకు చెప్పుకుంట లోపలికి పోయింది.

వీరేందర్ నోరెళ్లబెట్టిండు. "వీళ్ల కోసమా? కమిటీకి చెప్పొచ్చుగా?"

"తెల్లారంగ నాట్లకు పోయొస్తరు అయ్యగారు. ఆటో నిండందే కదలదు. లేటైతే తల దించుకొని తలుపు కాడ కూసుంటరు. టైముకొస్తే ముందల కూసుంటరు. వాళ్ల కోసమే ఆగుతున్ననని తెలిస్తే సిగ్గుపడి రానే రారు. జర మీరు గూడ చెప్పకుండ్రి."

లోపలికి పోంగనే ఉప్పలయ్య లేచిండు. "గంట ఎందుకు లేటైతుందో అందరి ముందు చెప్పుండ్రి అయ్యగారు."

ముందు చాప మీద పుష్పాబాయి తలెత్తి చూసింది. వీరేందర్ ఉప్పలయ్య దిక్కు తిరిగిండు.

"నేనే ఆపమన్నానండీ. ప్రసంగం తయారవలేదు."

"ఏడాది సందీ?"

"ఏడాది నుంచీ."

చర్చి చర్చంతా పడీ పడీ నవ్వింది. ఉప్పలయ్య, ముసలాయన తప్పేం లేనప్పుడు తాడు ఆయన కాడ్నే ఉండనియ్యుండ్రి అని కూసున్నడు.

పుష్పాబాయికి మాత్రం పాస్టరు మీద జాలేసింది.

"పరేషాన్ గాకుండ్రి అయ్యగారు," అంది. "నిమ్మలంగ చదువుకోండ్రి. మీ కోసం మేం ఆగుతం."