పుల్లీకి తలంటు

సూర్యాపేటలో విజయవాడ రోడ్డు మీద ఒక లారీల షెడ్డులో నేను ఇంజన్ల పని చేస్తాను. పదో తరగతి తర్వాత బడికి పోలేదు. ఆ పై చదువంతా శాఖా గ్రంథాలయంలోనే. పని లేని పూటల్లో అక్కడ కూర్చుని ఐటీఐ పిల్లల పుస్తకాలు అట్టలు ఊడేదాకా చదివాను. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదనీ నీళ్ళలోనే యాసిడ్ పోయాలనీ మా షెడ్డులో మొదట చెప్పింది నేనే. అది మాత్రం విన్నారు. అప్పటికే ఒకసారి యాసిడ్ ఎగిరిపడి మేస్త్రి చొక్కా చిల్లులు పడి ఉంది.

పుల్లీ సంగతి వినలేదు.

ఇంజనును లారీలోంచి పైకి లేపే గొలుసు యంత్రాన్ని మేము పుల్లీ అంటాం. చేత్తో గొలుసు లాగితే బరువు లేస్తుంది, వదిలేస్తే ఎక్కడిదక్కడ ఆగుతుంది. ఆపేవి లోపలి బ్రేకు బిళ్ళలు. ఒకదాన్నొకటి ఒరుసుకుని పట్టుకోవాలి కాబట్టి అవి పొడిగా ఉండాలి. నూనె తగిలితే పట్టు పోతుంది.

దసరా నాడు మా దగ్గర పనిముట్లకు తలంటు పోస్తారు. జాకీలూ స్పానర్లూ డీజిల్‌తో కడిగి, నువ్వుల నూనె రాసి, బొట్లు పెడతారు. పుల్లీ అన్నిటికన్నా పెద్దది కనుక దానికి మర్యాద ఎక్కువ. మేస్త్రి స్టూలెక్కి దాని నెత్తిన చెంబెడు నూనె పోస్తాడు. అంతకుముందు అన్నేళ్ళూ బ్రేకు మీది మూత అడ్డం ఉండేది, నూనె పైనుంచి కారిపోయేది. కిందటి దసరాకు మూత పగిలి, ఊడదీసి ఉంది. లోపలికి దిగితే ఇంజను జారుతుందని చెప్పి ఆపబోయాను.

"లైబ్రరీ దొరా, ఏడాదంత బరువు మోసేదానికి ఒక్కనాడు తలంటు పోస్తే నీ సొమ్మేం బోయింది?" అన్నాడు మేస్త్రి.

అందరూ నవ్వారు. షెడ్డు యజమానిది కోదాడ. ఆయన నవ్వలేదు. కొబ్బరికాయ పట్టుకుని నా వైపు తిరిగి, "పూజ దగ్గర జారుద్ది, పడుద్ది అని ఆ అపశకునం మాటలేంటయ్యా?" అన్నాడు.

పండగ వెళ్ళిన వారమే మిర్యాలగూడ రైస్ మిల్లు లారీ వచ్చింది. ఇంజను లేపి గొలుసు వదిలితే అది ఆగలేదు. గోరంత గోరంత కిందికి దిగుతోంది. మేస్త్రికి చూపించాను. నూనె తాగింది కదా, నున్నగా అయిందన్నాడు. మాతో పనిచేసే తండా మనిషి, తిరుమలగిరి వైపు వాడు, ఇంజనును దించే స్టాండు సరిచేయడానికి కింద చేయి పెట్టాడు. తియ్యమని అరిచాను. నా అరుపు కన్నా ముందు ఇంజను దిగింది.

దవాఖానలో కుడిచేతి మూడు వేళ్ళు తీసేశారు.

పుల్లీని ఎవరూ విప్పి చూడలేదు. అమ్మవారికి కోపం వచ్చిందని కోడిని కోశారు. కోపానికి కారణం నా నోరని తేల్చారు. పని మాన్పించలేదు గానీ, ఇంజను లేపే వేళకు నన్ను టీ తెమ్మని బయటికి పంపడం మొదలుపెట్టారు.

దెబ్బ తిన్నవాడైనా నా మాట నిజమంటాడని తండాకు పోయాను. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. బ్రేకు బిళ్ళలు ఎలా పట్టుకుంటాయో, నూనెకు ఎలా జారతాయో నేల మీద పుల్లతో గీసి చెప్పాను. చివరిదాకా విన్నాడు.

"నువ్వు సదువుకున్నోనివన్నా. నిజమే అయి ఉంటది. గని నువ్వు గా మాట అననన్ని ఏండ్లు ఏం గాలే." కట్టు చేతిని ఒళ్ళో సర్దుకున్నాడు. "నా జాగల మా తమ్ముడు చేరుతుండు. ఆని ముంగట గిట్ల మాట్లాడకు. నీ కాళ్ళు మొక్కుత."

తిరుగు బస్సులో నాకు అతని మీదే కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

తమ్ముడు చేరే ముందు రోజు, అందరూ అన్నానికి పోయిన వేళ పుల్లీని దించి విప్పాను. బిళ్ళలు నూనెలో ఊరి ఉన్నాయి. కొత్తవి వేయాలి. అడిగే నోరు నాకు లేదు. రబ్బరు తొడుగులు వేసుకుని, బీడీ కాల్చేవాడు ఎవడూ లేకుండా చూసుకుని, ఆరుబయట పెట్రోలుతో కడిగి ఆరబెట్టాను. బిగించి, మూలనున్న పాత ఇంజనును జానెడు ఎత్తు లేపి చూశాను. ఆగింది. నా షెడ్డులో నా పని నేను దొంగలా చేసుకున్నాను.

మర్నాడు ఇంజను లేచి కదలకుండా నిలబడింది. అమ్మవారికి కోడి ముట్టిందని మేస్త్రి పుల్లీకి దండం పెట్టుకున్నాడు. నేను టీ గ్లాసులు పట్టుకుని లోపలికి వచ్చాను. తమ్ముడు గ్లాసు అందుకున్నాడు గానీ నా ముఖం చూడలేదు. నేను ఏదైనా అంటానేమోనని గబగబా అవతలికి వెళ్ళిపోయాడు.